ఫాంటు పోయిన పొద్దు

మూడు దినాలు నీలం తెర చూపి
నాలుగో దినం ఆ నీలం గూడ బంద్ చేసింది.
దేవరకొండ ఖిల్లా దిక్కు కిటికి ఉన్న మా ముందరింట్ల
పదహారేండ్ల సంది కూసున్న సెకండ్ హ్యాండు కంప్యూటరు.
ఇన్నాళ్ళు ఫ్యాను గురక పెడితె
పక్కమీద తట్టినట్టు తడితె ఊకుంటుండె.

ఇలియాస్ వచ్చిండు.
జేబుల స్క్రూడ్రైవరు, మెడల తాయెత్తు పక్కన పెన్‌డ్రైవు.
డబ్బా ఇప్పంగనె లోపల
మా ఇంటి పోపు జిడ్డు,
బల్లి గుడ్డు పెంకు,
చిన్నోడు ఎన్నడో సందులకెల్లి ఏసిన రూపాయి బిళ్ళ.
బిళ్ళ నాకిచ్చి దుమ్ము నోటితోని ఊదిండు.
"బోర్డు మంచిగనె ఉందక్కా. లోపలి మనిషే ఖరాబు."
మనిషంటే ఏందో నేనడగలె.

"సీ మొత్తం తుడుస్త. డీ ని ముట్ట."
సీ ల ఏమున్నదా అని యాది చేసుకున్న.
ఏం లేదు. నా పనంత డీ లనె:
పెండ్లి పత్రికలు, ఓణీల ఫంక్షను కార్డులు, దశదినకర్మలు,
గల్లీల బోరు ఎయ్యమని ఎమ్మార్వోకు తొమ్మిది అర్జీలు.
"తుడువు" అన్న.

ఒక గీత. గీతల కొద్దికొద్దిగ పచ్చరంగు.
కరెంటు పోవద్దు పోవద్దని ఇలియాస్ గొణుగుడు.
యూపీఎస్ పోయిన దసరాకే సచ్చిందని
నేను చెప్పలె.
అరవై రెండు కాడ నిలబడి
ఇద్దరం చాయ్ తాగేదాక కదల్లె.
మూడుసార్లు పడుకొని మూడుసార్లు లేసింది,
లేసినప్పుడల్ల అడిగింది:
ఏ దేశం, ఏ భాష, ఇప్పుడు టైమెంత.
లోపలి సెల్లు చల్లవడ్డది గద,
దాని లెక్కల ఇంక రెండువేల రెండు, జనవరి ఒకటి.
అప్పటికి నాకు పెండ్లి కాలె.
డిండిల మా అమ్మగారింటి కాడ
రేకుల షెడ్డుల టైపు నేర్చుకుంటున్న,
ఏ ఎస్ డి ఎఫ్, ఏ ఎస్ డి ఎఫ్.
ఇలియాస్ తేది దిద్దిండు.
అన్ని ఏండ్లు
ఒక్క నొక్కుల.

కొత్త తెర. ఎవలదో చెరువు, ఎవలవో గుట్టలు.
డీ తెరిసిన. అన్ని ఉన్నయి.
ఒకటి నొక్కిన.
డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నలు,
నెత్తిమీద టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అచ్చులు.
ఇంకోటి నొక్కిన. అదే.
చిరంజీవి, కీర్తిశేషులు
ఒక్క భాషల మాట్లాడుతున్నరు.

ఇలియాస్ మొఖం చిన్నగైంది.
"ఫాంటు సీ ల ఉండె గదక్కా.
గా పాతది ఇప్పుడెవలు వాడుతరు?
నల్లగొండల ఒక ఫ్లెక్సీ షాపుంది,
ఆళ్ళ కాడుంటే బేస్తారం తెస్త."
పైసలు తీసుకోలె.
బండి నాలుగు కిక్కులకు గాని లేవలె.

రాత్రి అందరు పండినంక కూసున్న.
పైన గణపతి బొమ్మ ఉంటే పెండ్లి.
మూలకు దీపం ఉంటే పోయినోళ్ళు.
గంత మట్టుకు ఎరుకే.
దీపం ఉన్న కార్డొకటి తెరిసి
అక్షరాలరిగిన కీబోర్డు మీద వేళ్ళు పెట్టిన.
ఈ టోపీ అచ్చు, ఎడమ చిటికెనవేలు.
ఈ కొక్కెం, షిఫ్టు పట్టి నడిమివేలు.
కండ్లకు తెల్వనిది వేళ్ళకు తెలుస్తున్నది:
ఈ. ద. మ కింద ఇంకో మ.

ఈదమ్మ!
బస్టాండుల బత్తాయిలమ్మిన ఈదమ్మ.
ఆమె కొడుకు గడపల నిలబడి
"అమ్మ పేరు ముందల శ్రీమతి పెట్టక్కా,
బతికినన్నాళ్ళు ఎవలు అనలె" అని
ఇరవై రూపాయలు ఎక్కువ ఇచ్చి పోయిండు.
ఉందా అని ఎనక్కు పోయిన.
శ్రీ, ఉంది. మ, ఉంది.
త కాడ వేలాగింది.
దాని మీద గుడి లేదు.
మల్ల చూసిన. మీట మీద వేలు పెట్టి మల్ల చూసిన.
శ్రీమత ఈదమ్మ.
రెండువందల కార్డులు ఊరంత పంచిన్రు,
కొడుకు సుత ఒక్క మాటనలె.

ఇప్పుడు దిద్దుదామంటే
ఫాంటు లేదు.