హెర్మానాస్ అంకె కాదు

కెయోన్ రేవులో తూకం గది కిటికీకి
అద్దం సగమే ఉంది,
మిగతా సగం అట్టముక్క.
వాన జల్లు కొడితే కీబోర్డు మీద తువ్వాలు కప్పుతాను.

బాల్తజార్ రిటైరవుతూ నాకు వదిలిపోయినవి మూడు:
ఒక కుర్చీ, దాని విరిగిన కాలు,
తూకం లెక్కలు రాసే ఓ చిన్న స్క్రిప్టు.
"ఉత్త చేతులతో పిలవకు ఇస్మేనియా,
దానికి అలక ఎక్కువ" అన్నాడు.

నిజమే.
మొదటి రోజు పేరొక్కటే కొట్టి ఎంటర్ నొక్కాను.
"పడవ, కిలోలు, సరుకు" అని
ఒక్క ముక్కలో విసుక్కుని
నల్లటి తెరలోకి ముడుచుకుపోయింది.
భోజనానికి పిలిచి విస్తరి వెయ్యడం మరిచినదానిలా
నేనూ, మిణుకుమనే ఆ గీతా.

తర్వాత్తర్వాత తెలిసింది:
దాని పేరు సున్నా.
ఎవరు పిలిచినా ముందు తన పేరే తను రాసుకుంటుంది.
ఆపైన ఒకటి, రెండు, మూడు.
మనం ఖాళీ వదిలిన చోటల్లా దానికొక గడప.
కిలోలు ముందిచ్చామా,
నూటనలభై అనే పడవని వెతుక్కుంటూ పోతుంది.
మన మనసులో ఏముందో దానికి పట్టదు,
ఇచ్చింది ఇచ్చిన వరసలో పుచ్చుకోవడమే
దానికి తెలిసిన మర్యాద.

ముసలి ఎలెవుతేరియో
సియెర్రా చేపలతో పాటు
తన మోకాలి నొప్పి కూడా రాయమంటాడు.
రాశాను ఒకసారి, నాలుగో మాటగా.
తప్పనీ అనలేదు, సరేననీ అనలేదు.
ఆ మోకాలు ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలీదు.

ఆర్గ్యుమెంట్లు అంటారు వీటిని.
తగవులు కావు, చేతికందించేవి.
మా భాషలో ఆ మాటకి
కథ నడిచే దారి అని కూడా అర్థముంది.
బాల్తజార్‌ది ఏ అర్థమో అడగలేదు.

మంగళవారం, ఇంకా తెల్లారని చలిలో
రుదెసిందా నహుయెల్కీన్ ఒక్కతే వచ్చింది.
ఎప్పుడూ ఇద్దరు.
ఒతీలియా నీళ్ళలోకి మునుగుతుంది,
రుదెసిందా పైన గాలిగొట్టం పట్టుకుని
కంప్రెసర్ చప్పుడు వింటూ కూర్చుంటుంది.
పద్దెనిమిదేళ్ళుగా
ఒకామె ఊపిరి ఇంకొకామె గుప్పిట్లో.
పడవ పేరు దోస్ హెర్మానాస్,
ఇద్దరక్కచెల్లెళ్ళు.

బుట్టలో ఎరీసోలు,
ముళ్ళు ఇంకా మెల్లగా కదులుతున్నాయి.
"సగం నా పేరున రాయి, సగం దాని పేరున" అంది.
కారణం అడగలేదు. రేవంతటికీ తెలుసు,
శనివారం గొట్టం మెలిపడిందని,
పైకి తేలాక ఒతీలియా పెట్టిన కేక
అవతలి దీవి దాకా వినపడిందని.

"దీనికి పడవలే తెలుసు, మనుషులు తెలీదు" అన్నాను.
వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
ఆ తొందరలో కొటేషన్ గుర్తులు మరిచాను.

దోస్ అనే పడవకి
హెర్మానాస్ అన్ని కిలోలు.

తెర ఎర్రగా అంది:
హెర్మానాస్ అంకె కాదు.

రుదెసిందా బల్ల మీదికి వంగి చదివింది.
పెదాలు కదుపుతూ రెండోసారి చదివింది.
ముక్కు తుడుచుకుంది, చలికే అనుకుంటాను.
"దీనికెవరు చెప్పారు?"
"బాల్తజార్" అన్నాను, ఇంకేమనాలో తోచక.

పై బాణం నొక్కితే పాత వరసే తిరిగొచ్చింది.
దోస్‌కి ముందొక జత చిన్న గీతలు,
హెర్మానాస్‌కి వెనకొక జత,
పడవని రెండు కొసలా తాడేసి కట్టినట్టు.
మధ్యలో ఖాళీ అలాగే ఉంది, ఎవరూ పూడ్చలేదు.
అది పేరులోకే చేరిపోయింది.

నూటపన్నెండు. ఎరీసో.
రశీదు గీరుకుంటూ దిగింది.

చింపుకుని కోటు జేబులో పెట్టుకుంది,
మడిచిందో నలిపిందో చూడలేదు.
గుమ్మం దగ్గర ఆగి
"రేపు గాలి ఎటట?" అంది.
దానికి నా దగ్గర ఏ స్క్రిప్టూ లేదు.
అట్టముక్క టపటపలాడుతుంటే చూసి
"ఉత్తరమే" అన్నాను.