నూట పన్నెండో పేజీ

మాన్సీ మామయ్యకి చదువు రాదు.
స్ట్రామ్నెస్ రేవు పద్దుల్లో ఆయన సంతకం
ఒక లంగరు బొమ్మ, అదీ ఎడమచేత్తో.
కుడిచేతి మూడు వేళ్లు
డేవిస్ జలసంధి మంచు తినేసింది.

పోస్టులో వచ్చింది పుస్తకం.
ఎర్ర అట్ట, దాని మీద బంగారు ఓడ,
ఏ వడ్రంగీ కట్టలేని తెరచాపలతో.
ఆరేళ్ల కిందట ఎడిన్‌బరో పెద్దమనిషొకడు
మా పొయ్యి దగ్గర మూడు రాత్రులు కూర్చుని
రమ్ము పోసి మాటలు తోడుకున్నాడు.
వెళ్తూ అమ్మ చేతిలో అర సవరను పెట్టాడు.
దాంతో కొన్న గొర్రె ఈ ఏడు కూడా ఈనింది.

"చదువు ఇంగా, నేనేం చేశానో విందాం"
అంటూ గడ్డి అల్లిన కుర్చీలోకి ఒదిగాడు మామయ్య.
బయట మధ్యాహ్నం మూడింటికే చీకటి.
పొయ్యిలో పీట్ గడ్డలు
మంట లేకుండా ఎర్రబడుతున్నాయి.

పుస్తకంలో ఆయనకి పది వేళ్లూ ఉన్నాయి.
దీవిని ఎంతో దూరం దక్షిణానికి జరిపి
కొబ్బరిచెట్లు నాటారు.
"నేను కొబ్బరిచెట్టే చూడలేదు,
ఎలా ఎక్కానో మళ్లీ చదువు" అన్నాడు.
చదివాను.
"బంగారం దొరికిందా?"
"పెట్టెడు."
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"మాకు దొరికింది తిమింగలం పక్కటెముకలు.
వాటి మీద తెరచాప గుడ్డ కప్పి
కింద పడుకునేవాళ్లం."

మాకు. పడుకునేవాళ్లం.
అప్పుడు చూశాను అచ్చులోకి.
అన్ని పేజీలూ నేను, నేను, నేను.
నేను నిప్పు చేశాను, నేను గుడ్లు ఏరాను,
నేను తాడుకి ముడులేసి రోజులు లెక్కపెట్టాను.
ముడులేసింది ఎర్లెండ్ ఫ్లెట్.
పీపాలు చేసేవాడి దగ్గర పనిపిల్లాడు, పదిహేడేళ్లు.
నాలుగు వందల ముడుల దాకా వేశాడు.
తర్వాత పదకొండు ముడులు మామయ్యవి,
రెండు వేళ్లతో వేసినవి, వదులువి.
ఆ మర్నాడు ఓడ వచ్చింది.

తలుపు తోసుకుని సిబ్లా ఫ్లెట్ వచ్చింది,
కొంగులో ఊలు ఉండ, మోకాళ్ల దాకా తడి.
కొండవాలు మీద ఆఖరి ఇల్లు ఆమెది.
మంటకి దూరంగా పీట వేసుకుని
సూదులు ఆడిస్తూ, ఎవరివైపూ చూడకుండా అడిగింది:
"మా వాడి సంగతి వచ్చేసిందా?"

మామయ్య పొయ్యిలోకి చూస్తున్నాడు.
నేను పేజీలోకి చూశాను.
నూట పన్నెండు.
అందులో మామయ్య ఒక చిలుకకి మాటలు నేర్పుతున్నాడు.

"ఇప్పుడే వస్తోంది" అన్నాను.

చిలుక మీద వేలు పెట్టి మొదలుపెట్టాను.
ఆ చలికాలం మేము ఇద్దరం, అని.
మేము గుడ్లు ఏరాం. మేము సీలు కొవ్వు వెలిగించాం.
ఎర్లెండ్ కీర్తన పాడితే
రాగం ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉండేది.
తినడానికేం మిగలనినాడు
తన ఎడమ బూటు విప్పి ఉడకేయమన్నాడు.
"నీది పెద్దది మాన్సీ, ఇంకో పూటకి ఉంచు" అన్నాడు.

ఎడమ అన్నది నా నోటికి వచ్చిన మాట.
బూటు మాత్రం మామయ్య ఒక్కసారి,
జ్వరంలో చెప్పింది.

సూదుల చప్పుడు ఎప్పుడాగిందో తెలీదు.
"పొడుగు పేజీ" అన్నాడు మామయ్య చివరికి.
"పొడుగే" అన్నాను.

వెళ్లేటప్పుడు సిబ్లా పుస్తకం అడిగింది.
ఆమెకి చదువొచ్చు. బైబిలంతా
రెండుసార్లు ముగించిన మనిషి.
నా అరచేతులు చల్లబడ్డాయి.
ఏం సాకు చెప్పను? శాలువాలో చుట్టి ఇచ్చాను.

పది రోజులు రాలేదు.
పదకొండో రోజు పొద్దున గుమ్మంలో పుస్తకం,
పక్కన గుడ్డలో కట్టిన బార్లీ రొట్టె, ఇంకా వేడిగా.
మనిషి లేదు.

నూట పన్నెండు తెరిచాను.
చిలుక చుట్టూ, అంచుల్లో, వరసల సందుల్లో
పెన్సిలు రాత. ఎక్కాల్సిన చోటల్లా ఎక్కింది.
నేను చెప్పిన ప్రతి మాటా,
కీర్తన, కొవ్వు దీపం, మేము, మేము.
ఒక్కచోట మాత్రం దిద్దింది.
ఎడమ కొట్టేసి, కుడి.
కింద ఇంకా చిన్న అక్షరాల్లో:
పుట్టుకతోనే మా వాడికి కుడిపాదం చిన్నది.
ముందు ఆ బూటే ఇస్తాడు.