జానెడు మీద నాలుగు వేళ్లు

పరకాల బస్టాండు ఎదురుంగ నా స్టూడియో.
ఆధార్ మొహాలు, పెండ్లి మొహాలు,
పోయినంక దండ వేసేటందుకు
గ్రూపు ఫోటోలకెల్లి కత్తిరించి పెద్దగ చేసే మొహాలు.
ఇరవై ఏండ్ల సంది ఇదే పని.

మొన్న శుక్రారం దాసరి ఓదెలు
జోలె విప్పి బల్ల మీద పెట్టిండు.
పాత తువ్వాల చూసి పసిపిల్లేమో అనుకున్న.
"దీన్ని దించు. దగ్గర్నించి దించు.
శంఖమో కాదో తేలాలె."

చెల్పూరు బొందలగడ్డ కాడ
పాడె ఇంకా దింపకముందే
ఒక పిలగాడు ఫోన్ల చూసుకుంట అన్నడట:
అసలు శంఖం తెల్లగుంటది తాతా, నీది మచ్చలది.
నాలుగు రాత్రులాయె, కన్ను మూయలే.

హన్మకొండ కాలేజీల జీవశాస్త్రం చెప్పే వనమాల మేడంకు
ఫోన్ కలిపిన.
"పక్కకు రూపాయి బిళ్ల పెట్టు, కొలత తెలుస్తది.
నోరు కనపడాలె,
నోట్లె పండ్లు లెక్కపెట్టేటట్టు రావాలె."
పండ్లా?

నిలబడదు. ఎటు పెట్టినా దొర్లుతది,
కల్లు తాగిన బావమర్ది లెక్క.
థర్మాకోల్ పెట్టిన, బట్ట పెట్టిన.
ఆఖరుకు ఓదెలే పళ్లెం అడిగి
జోలెల బియ్యం కుమ్మరించిండు,
సన్నం, దొడ్డు, నూకలు, పదకొండిండ్లయి.
అండ్ల గుచ్చితే నిలబడ్డది.
జానెడు మీద నాలుగు వేళ్లు అన్నడు ఆయన.
ముప్పై ఒక్క సెంటీమీటర్లు అన్నది స్కేలు.

దగ్గరి లెన్సుకు ఒక గుణం ఉన్నది:
పెదవి తేటగొస్తే కడుపు మసక,
కడుపు మీద నిలిపితే పెదవి పొగ.
అంతా ఒక్కసారి చూస్తనంటే ఒప్పుకోదు.
లైటుకు అడ్డంగ బటర్ పేపర్ పట్టుకొని
ఓదెలు ఊపిరి బిగబట్టిండు.
"పీల్చుకోవే, అది కదలదు" అన్న.
"దీని ఎదురుంగ నాకు ఊదుడే తెల్సు" అన్నడు.

స్క్రీను మీద పెద్దగ చేస్తే
కౌజుపిట్ట రెక్క!
మక్కచేన్ల అడుగేస్తే భర్రున లేచే కౌజు,
ఈక మీద ఈక, గోధుమ, కాటుక, మీగడ.
సముద్రం నేను చూడలే.
నాకు తెల్సిన పెద్ద నీళ్లు పాకాల,
ఎండకాలమైతే ఇసుకే మిగిలే చలివాగు.
ఆ ఉప్పునీళ్ల పురుగు
మా చేన్ల పిట్టను ఎన్నడు చూసిందో.

మేడం జవాబు పంపింది:
శంఖానికైతే నడిమి కాడ మీద మూడు నాలుగు మడతలుంటయి,
దీనికి లేవు. పెదవంచుకు జంటలు జంటలు నల్లపండ్లు.
ఇది ట్రైటన్. నక్షత్ర చేపలను తింటది.

"చుక్కలనా?" అన్నడు ఓదెలు.
"చుక్కలసొంటి చేపలను."
"తిన్నదనుకో."
ఇగ మాట్లాడలే. బియ్యం సదురుకుంట,
నా దిక్కు చూడకుంట:
"మరి దీంతోటి నేను సాగనంపినోళ్లు
చేరిన్రా?"

లెన్సుకు మూత పెట్టిన.
తీసిన.
మళ్ల పెట్టిన.

ఫోన్ మోగింది. మేడం.
"ఆ గీతల సందున గులాబి రంగు పుట్టుకదేనా?
అట్లయితే ఇంకో జాతి కావచ్చు, మళ్ల చూడాలె."
పెద్దగ చేసి చూసిన. ఇంకా పెద్దగ.
రంగు కాదు, రేణువులు.
"బుక్కగులాలు మేడం. కడగలే."

మా నాయిన పోయిననాడు ఓదెలే వచ్చిండు.
కుండ పట్టుకొని నేను ముందు నడిచిన,
వెనుకకు చూడొద్దన్నరు.
ఊదుడు విన్న, ఊదేదాన్ని చూడలే.
ఇప్పుడు బొమ్మను గుంజుతున్న, గుంజుతున్న,
చదరాలు చదరాలుగ పగిలేదాక.
ఏ సందున ఎవరి గులాలో
ఏ మేడం చెప్తది?

ఓదెలు చిల్లర లెక్కపెడుతుండు.
"పాస్‌పోర్టు సైజుయి ఎనిమిది తీయి,
ఆ పిలగానికి ఒకటియ్యాలె" అన్నడు.
మళ్ల, గడప కాడ ఆగి,
"కడిగేద్దునా మరి దీన్ని?"

వద్దన్న.
గట్టిగనే అన్నట్టున్న.
ఆధార్ ఫోటోకు కూసున్న పిల్ల
కుర్చీలకెల్లి లేచి నిలబడ్డది.