నాలుగో ట్యాంకు

బల్లమీద రెండు ఇంజన్లు పెట్టాడు యేసుపాదం,
రాజోల్లో, పడవ ఇంజన్లు విప్పే షెడ్డులో.
ఒకటి తళతళ, బాల్ బేరింగులది,
ధర వింటే చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.
రెండోది గోడౌను దుమ్ముతో, నలభై సైజు.
వేలితో తిప్పి చూడమన్నాడు.
పైకొచ్చేచోట పిస్టను పట్టేసింది,
కొత్త చెప్పు కరిచినట్టు.
"ఇంకా ఎవడూ నడపలేదు. ఇదే పట్టుకో."

కాలవగట్టున పాత పడవచెక్కకి నాలుగు బోల్టులు.
మిథనాల్లో ఆముదం, వందకి ఇరవై పాళ్లు.
చిన్నప్పుడు మా నాయనమ్మ ముక్కు మూసి పట్టించిన ఆముదమే,
ఇప్పుడు డబ్బులిచ్చి కొన్నాను.

గ్లో ప్లగ్గు తీగ ఎర్రబడింది.
కర్రతో కొడితే రెండుసార్లు తన్ని
మూడోసారి ఒప్పుకుంది.
గుడగుడ, తెల్లటి పొగ,
చెక్కంతా నూనె చుక్కలు.
నాకు తొందర. సూది బిగించబోతే
చేతిమీద ఒక్కటిచ్చాడు.
ఒక ట్యాంకు. చల్లారనియ్.
ఇంకో ట్యాంకు.
మధ్యలో టీ, మధ్యలో చేపలబండి,
మళ్లీ చల్లారడం.

ముప్పై ఏళ్ల డీజిలు మోతకి
ఆయన చెవులు ఎప్పుడో పోయాయి.
చెక్కకి అరచెయ్యి ఆనించి
పొగకేసి చూస్తూ వింటాడు.

నాలుగో ట్యాంకులో సూదిని ఒక్క టిక్కు మూశాడు.
గుడగుడ సాగి సాగి సన్నటి కూతైంది.
అవతలిగట్టు కొంగలు లేచిపోయాయి.
ఆయన తలెత్తలేదు.
అరచెయ్యి తీసి
ఆ వెచ్చటి చోట నా చెయ్యి పెట్టాడు.

విమానం ఇంకా లేదు.
రెక్కల కర్రకి వచ్చే నెల జీతం రావాలి.
చొక్కా మాత్రం
రెండు ఉతుకులైనా వాసన వదల్లేదు.