రెండిరవైలూ తొమ్మిది

లెక్కలంటే గెంతడమే అని చెప్తాను మొదటిరోజు.
ఒకటి, రెండు, మూడు అంటూ
ఒక్కో మెట్టూ తడుముకుంటూ పోయే పిల్లలకి
మెట్లు వదిలెయ్యడం నేర్పడమే నా ఉద్యోగం.
ఐదు, పది, పదిహేను...
బల్లల మధ్య సందులో గెంతుతారు, చెక్కనేల దడదడలాడుతుంది,
కింది గదిలో చరిత్ర చెప్పే మాస్టారు
కర్రతో కప్పుని పొడుస్తాడు.

మధ్యలో వదిలేసిన ఆరూ ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ
ఏమైపోతాయి టీచర్, అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.
అక్కడే ఉంటాయి, మనం ఆగమంతే, అంటాను.
పందొమ్మిదేళ్లుగా అదే జవాబు.

మాది చియాతురా. లోయ అడుగున క్విరీలా నది,
పలక తుడిచిన గుడ్డ పిండినట్టు నల్లటి నీళ్లు.
రెండువైపులా కొండలు, కొండల కడుపులో మాంగనీసు,
పైనున్న ఇళ్లకీ కిందున్న బడికీ నడుమ
తీగకి వేలాడే ఇనప డబ్బా.
పన్నెండుమందికే చోటని దానిమీద రాసుంటుంది.
ఎంతమంది ఎక్కారో మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

ఇంటిపని ఇచ్చాను:
ఇంట్లోవాళ్ల చేతులు కాగితంమీద పెట్టించి
చుట్టూ గీత గీసి
ఐదేసి చొప్పున లెక్కపెట్టి రండి.

తెక్లే కాగితంలో ఐదుగురు, పది చేతులు.
నానమ్మవి ఐదు, పది. అమ్మవి పదిహేను, ఇరవై.
తర్వాత ఇరవై ఐదు.
తర్వాత ఇరవై తొమ్మిది.
దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టాను.
ఒక్క అడుగు తప్పితే కిందిదాకా దొర్లాల్సిందే కదా,
ముప్పై నాలుగు, ముప్పై తొమ్మిది, నలభై నాలుగు,
చివర నలభై తొమ్మిది. అన్నీ కొట్టేశాను.
చేతుల బొమ్మలు చూడలేదు.
బొమ్మలకి మార్కులుండవు.

మర్నాడు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.
ఏడవలేదు. ముక్కు ఎగబీల్చి, కాగితం నావైపు తిప్పి,
వేలు పెట్టి చూపించింది.
పెద్ద చెయ్యి. గీత చూపుడువేలు ఎక్కి దిగింది,
నడిమివేలు ఎక్కి దిగింది,
ఉంగరపువేలు దగ్గర ఎక్కకుండా
చదునుగా నడిచిపోయి
చిటికెనవేలు ఎక్కింది.
"మా నాన్నది అంతే టీచర్."

వెనక బల్లలోంచి వాజా అన్నాడు, మా మావయ్యవి మూడే.
ఇంకెవరో, మా తాతవి రెండు చేతులకీ కలిపి ఏడు.
అంతకంటే తక్కువ ఎవరింట్లో ఉన్నాయోనని
కాసేపు పందెంలా అరుచుకున్నారు.
తుడవడానికేమీ లేకపోయినా
నేను బోర్డు తుడుస్తూ నిలబడ్డాను.

సాయంత్రం డబ్బాలో ఎదురుగా జుంబర్, పక్కన తెక్లే.
టోపీ తీసి మోకాలిమీద పెట్టుకుని,
ఎక్కడ తప్పింది మా పిల్ల, అని అడిగాడు.
తప్పలేదు, నలభై తొమ్మిదే, అన్నాను.
మా భాషలో రెండిరవైలూ తొమ్మిది.
నది దాటేదాకా ఏమీ అనలేదతను.
తర్వాత,
"యాభయ్యే రాయించండి" అన్నాడు.
"వేలు గనిలో ఉండిపోయింది గానీ
చలి మొదలైతే ఇప్పటికీ సలుపుతుంది, గోరుతో సహా.
సలిపేదాన్ని ఎలా గెంతుతాం?"

డబ్బా కుదుపుతో ఆగింది.
అప్పటికే తెక్లే దూకేసి
మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తోంది.

ఆ రాత్రి బ్లేడుతో ఎర్రసిరా గీకి చూశాను.
కాగితం చిరిగింది,
సరిగ్గా ఇరవై తొమ్మిది దగ్గర.

ఈ ఏడు కూడా ఒకడు అడిగాడు,
వదిలేసినవి ఏమైపోతాయి టీచర్, అని.
రేపు చెప్తానన్నాను.