ఆఖరి బంతి, మైలవరం

సముద్రం మాకు ఒకరోజు ప్రయాణం.
అందుకే డ్యాము ఒడ్డే బీచి,
అద్దె గుడారమే రిసార్టు.

మాబున్నక్క సిగ్నలు కోసం
సెల్లు పట్టుకొని చెయ్యెత్తి నిలబడింది, అరగంటగా.
కింద మెడలు చాచి మేం ఏడుగురం.
ఒక బంతి. నాలుగు కావాల.
బౌలరింకా దాన్ని ప్యాంటుకు రుద్దుతానే ఉన్నాడు.

అంతలో అవతలి గుడారాల నుంచి
నీళ్ల మీదుగా పెద్ద అరుపు.

అయిపోయిందన్నమాట.
గెల్చినామో బోర్లాపడినామో తెలీదు,
ఇన్ని నీళ్లు దాటొచ్చేసరికి
ఏ అరుపైనా ఒకటే మాదిరి.

"చెయ్యి దించొద్దక్కా" అన్నాడు దస్తగిరి,
పసిబిడ్డ నిద్ర చెడుతుందేమో అన్నట్టు.
బౌలరు పరుగు మొదలుపెట్టినాడు,
జరిగిపోయినదాంట్లోకి.

ఎడంగా, పుట్టిలో లేచి నిలబడి
ఓబులేసు విసిరిన వల
ఇంకా గాల్లోనే ఉంది.