ఆగమంటే

ఎనుమాముల యార్డు గేటుకు ఎదురుంగ
జిరాక్సు దుకాణం మీద అద్దె గది.
మిర్చి సీజన్ల కిటికీ మూసినా లాభం లేదు,
ఎంటర్ మీట మీద దినాం ఎర్ర దుమ్ము.

ఫసియొద్దీన్ సాబు చెప్పిండు:
"పదకొండేండ్ల కాంటాల లెక్క, ఒక్క ఫైలు చేసియ్యమ్మా.
సోమారం ఆడిటు."
బస్తాకో వరుస. నాలుగు కోట్ల పైచిలుకు.

లూపు రాసిన.
వరుస తియ్యి, రాయి. వరుస తియ్యి, రాయి.
రాయమన్నదల్లా రాసిందనే అనుకున్న.
ఎక్కడిది!
నేను తోసినవన్నీ మెమరీల పేరుకపోయినయ్
అర్ర తలుపు ముంగట, వాన మబ్బు కింద
దించి పెట్టిన బస్తాల లెక్క.
పన్నెండున్నరకు ఫ్యాను గొంతు మారింది.
ఒంటిగంటకు ప్రాసెసు సచ్చింది.

మెమరీ పెంచిన. ఇంకో గంట బతికి సచ్చింది.

ఫైలు విప్పితే ఆఖరి వరుసల
ఒక పేరు సగానికి తెగి ఉంది:
"మేకల ఓ"
దాని పక్కన నల్లడబ్బ, అండ్ల ప్రశ్నగుర్తు.
ఓదెలో, ఓంకారో. ఏ ఊరాయనో.

నాలుగింటికి చాయ్ కోసం దిగిన.
లారీ నుంచి గోదాం దాక హమాలీల వరుస.
నెట్టు మీద కొమురెల్లి
ఉన్నట్టుండి అరచెయ్యి లేపిండు.
అంతే.
లారీ మీదోళ్లు బస్తా ముట్టలే.
ఒకాయన బీడీ ముట్టించిండు,
ఒకాయన రుమాలు ఇప్పి దులిపి మళ్ల చుట్టుకున్నడు.
ఎవ్వలూ తిట్టుకోలే.

"లోపల జాగ లేదా?" అని అడిగిన.
"జాగకేం బిడ్డా, బొచ్చెడుంది.
పేర్చేటియే రెండు చేతులు."

చాయ్ సగంల ఇడిసి మెట్లెక్కిన.

రాసినప్పుడల్లా డిస్కు నాకు జవాబు చెప్తనే ఉంది:
ఫాల్స్. ఫాల్స్. ఫాల్స్.
నేనే చెవిన పెట్టలే.
బళ్లె నేర్చిన అర్థం, తప్పు అని, అబద్ధమని.
ఇక్కడ దానర్థం, జర ఆగు.

ఇప్పుడు వరుసకో రాత లేదు,
వెయ్యి వరుసలు కలిపి ఒక్క మూట.
ఫాల్స్ అంటే చేతులు కట్టుకుంట.
డ్రెయిన్ అని పిలుపు వస్తది,
అప్పుడు ఇంకో మూట.
మెమరీ గీత పెరగలే, తగ్గలే,
మడి గట్టు తీరు సాపుగ పోయింది.

తెల్లారి ఆరింటికి ఫినిష్ అన్నది.
అన్నదాక ఫైలు ముయ్యలే, బుద్ధొచ్చింది.
మొదట వెతికింది ఆ తెగిన పేరు:

మేకల ఓదమ్మ, పర్వతగిరి,
ఏడు బస్తాలు, తాలు.

ఆయన కాదు, ఆమె.
ఆ పక్క గడిల ధర.
అది చూసి
ఎవ్వలూ ఆపకున్నా నేనే ఆగిన.

కింద కొమురెల్లి గొంతు:
"ఆఁ... ఇగ పంపుర్రి!"